మూడాకుల వేరు

మామయ్య తోటలో నిమ్మచెట్లు పాలిపోతున్నాయని మాకు మొదట చెప్పింది మామయ్య కాదు, అత్త. ఫోన్‌లో మోకాలి నొప్పి సంగతి, కుట్టుమిషను మోటారు కాలిపోయిన సంగతి చెప్పి, ఇక పెట్టేస్తుందనగా, ఆకులు కాస్త రంగు మారాయి వదినా, మీ తమ్ముడేమో నీళ్లు చాలట్లేదంటున్నారు, అంది. అమ్మ ఎన్ని చెట్లని అడగలేదు. పైఆకులా, కింది ఆకులా అని అడిగింది. అన్నీ అని అత్త చెప్పింది. అమ్మ ఫోను బల్ల మీద పెట్టి, చేతిలో ఉన్న పుల్లలను తడిగుడ్డలో చుట్టేసింది. ఆ పూట ఇక మొక్కలకు అంట్లు కట్టలేదు.

మా నర్సరీ రోడ్డుకు కాస్త లోపలగా, టైర్ల షాపు వెనకాల ఉంటుంది. ఆకుపచ్చ నెట్టు కింద సంచుల్లో మొక్కలు, ఒక మూల రేకుల షెడ్డు, షెడ్డులో పొడవాటి బల్ల. బల్లకు ఇవతల అమ్మ, అవతల నేను. గింజ నుంచి పెంచిన గట్టి వేరు ఉన్న మొక్కను తీసుకుని, అమ్మ దాని కాండం మీద గాటు పెట్టి బెరడు తెరుస్తుంది. మంచి కాయ కాసే చెట్టు పుల్ల నుంచి చిగురు మొలిచే ఒక కన్ను ఒలిచి ఆ బెరడు కిందికి జారుస్తుంది. నేను ప్లాస్టిక్ పట్టీ చుడతాను. కన్నుతో పాటు ఆకు తొడిమ చిన్న ముక్క వదిలేస్తాం. కొన్నాళ్లకు ఆ తొడిమను వేలితో తాకితే, కన్ను పట్టి ఉంటే అది ఇట్టే రాలిపోతుంది. చచ్చి ఉంటే ఎండిపోయి అక్కడే కరుచుకుని ఉంటుంది. అమ్మ వరస పొడుగునా వేలు ఆడిస్తూ నడుస్తుంది. రాలిందంటే మా దృష్టిలో ఆ పని అయిపోయినట్టే. ఆ తర్వాత ఆ మొక్కను అనుమానించడం మాకు తెలియదు.

ఒకప్పుడు నిమ్మను జంబీరి వేరు మీద కట్టేవాళ్లం. జంబీరి కూడా నిమ్మజాతే, ఆకు ఇంచుమించు ఒకేలా ఉంటుంది. అతుకు కింద నుంచి జంబీరి చిగుళ్లు వస్తే కొనుక్కున్నవాళ్లు పోల్చుకోలేక పెరగనిచ్చేవాళ్లు. ఒకసారి ఒక టీచరుగారు తట్టనిండా గరుకు తోలు కాయలు తెచ్చి మా బల్ల మీద బోర్లించి, ఇవి నిమ్మకాయలా, గజ్జి పట్టిన బంతులా అని అడిగి వెళ్లిపోయారు. ఆ తర్వాతే మూడాకుల నారింజ గింజలు తెప్పించింది. దానికి ఒక్కో తొడిమకు మూడేసి ఆకులుంటాయి. కింద నుంచి చిగురు వస్తే చిన్నపిల్లలు కూడా గుర్తుపట్టి గిల్లేస్తారు. పైగా చలికి ఓర్చుకుంటుంది. దాని మీద కట్టిన బత్తాయిలు బ్రహ్మాండంగా వచ్చాయి. అమ్మ నిమ్మనూ దాని మీదే కట్టడం మొదలుపెట్టింది. కళ్లన్నీ పట్టాయి. తొడిమలు వరసకు వరస రాలిపోయాయి.

ఆ నిమ్మమొక్కలనే మామయ్య తీసుకెళ్లి తోట వేశాడు.

మామయ్య అమ్మకు తమ్ముడు. ఆయన బస్సు నడిపేవాడు. నడుం పోయింది. ఇంకొన్నేళ్లు ఆ సీట్లో కూర్చుంటే మంచం మీద పడుకోవడమే మిగులుతుందని డాక్టరు చెబితే ఉద్యోగం మానేసి, చేతిలో ఉన్నదంతా పెట్టి ఇటుకల బట్టీ పక్కన నేల కొన్నాడు. మిగతావాళ్లు కూరగాయలు వేయమన్నారు. మా అక్క మొక్కలుండగా నాకు వంకాయలెందుకని ఈయన నేలంతా నిమ్మే పెట్టాడు. ఇప్పటికీ అందరూ ఆయన్ని డ్రైవరుగారనే పిలుస్తారు. చెట్ల మధ్య నడుస్తున్నప్పుడు కొమ్మ మొహానికి తగిలితే, "జరగండమ్మా, లోపలికి జరగండి" అంటాడు. ఆ చెట్లు నిలిస్తే ఆయన తోటలో ఉంటాడు. లేకపోతే మళ్లీ ఆ సీట్లోకే ఎక్కాలి. వేరే దారి లేదని మా అందరికీ తెలుసు.

మర్నాడు పొద్దున్నే అమ్మా నేనూ వెళ్లాం. మామయ్య సంతోషంగానే ఎదురొచ్చాడు. ఆకులు పాలిపోతే పోయాయిగానీ పూత చూడమన్నాడు. నిజమే, కాలం కాని కాలంలో కొమ్మ కొమ్మకూ పూలున్నాయి. తేనెటీగలు మూగుతున్నాయి. అమ్మ మాత్రం పూతను చూసి ఇంకా కంగారుపడింది. ఆకు చేసిన తిండి కిందికి దిగకపోతే చెట్టు ఇలా ఒళ్లు తెలియకుండా పూస్తుందని ఆమె నాకు తర్వాత చెప్పింది.

చెట్టు మొదట్లో మోకాళ్ల మీద కూర్చుని మట్టి తుడిచింది. అతుకుకు పైన కాండం, బిగుతైన ఉంగరం మీద వేలు ఉబ్బినట్టు ఉంది. పక్క చెట్టూ అంతే. కాసేపటికి లేచి, తోటలో అన్నిటికన్నా బాగున్న చెట్టు ఏదని అడిగింది. మామయ్య బావి దగ్గరున్న చెట్టు చూపించాడు. నల్లటి ఆకుపచ్చ, ఒక్క పసుపు ఆకు లేదు. అమ్మ సంచిలోంచి కత్తి తీసింది.

"బాగున్నదాన్ని కోస్తావేంటక్కా? జబ్బుగా ఉన్నవి అటుపక్క బోలెడున్నాయి."

"వాటిలో ఏముందో చూడక్కర్లేదురా. దీనిలో ఉందో లేదో చూడాలి."

"దీనికేం రోగం? రాయిలా ఉంది."

"అందుకే."

అతుకు మీదుగా అగ్గిపెట్టెంత మేర బెరడుకు గాటు పెట్టి, కత్తి మొనతో మెల్లగా ఎత్తింది. పైన కర్ర తెల్లగా, తడిగా ఉంది. కింద కర్రా తెల్లగానే ఉంది. రెండూ కలిసే చోట మాత్రం గోధుమరంగు గీత, దారం బిగించి కట్టినట్టు అడ్డంగా పోయింది. ఒలిచిన బెరడు లోపలివైపూ అదే గీత. అమ్మ దాని మీద గోరు ఆడించింది. గోరు దిగబడింది.

ఏమిటదని మామయ్య అడిగాడు. అమ్మ కూర్చున్న చోటు నుంచి లేవకుండానే చెప్పింది. ఈ నిమ్మకూ ఈ మూడాకుల వేరుకూ పడదు. కన్ను పడుతుంది, చిగురు వేస్తుంది, కాయా కాస్తుంది. లోపల మాత్రం రెండూ కలవవు. ఏళ్లు గడిచేకొద్దీ ఆ గీత ముదిరి, పైనుంచి తిండి కిందికి పోకుండా అడ్డుకుంటుంది. వేరు మాడుతుంది, ఆ తర్వాత చెట్టు. బాగున్న చెట్టులోనే ఇలా ఉందంటే తోటంతా ఉన్నట్టే.

"తప్పు నాదేరా. బత్తాయికి పనికొచ్చింది కదా, నిమ్మకీ పనికొస్తుందనుకున్నాను."

మామయ్య చాలాసేపు ఆ గీతనే చూశాడు. "ఇంజను బాగుంది, చక్రాలు బాగున్నాయి, మధ్యలో షాఫ్టు లేదంటావు," అన్నాడు. తర్వాత లోపలికి వెళ్లి కుర్చీలో కూర్చున్నాడు. మేము వచ్చేటప్పుడు కూడా బయటికి రాలేదు.

అప్పటికి బట్టీ వాచ్‌మన్ గోడ మీద నుంచి అంతా విన్నాడు. జోడీ కుదరలేదన్నమాట, అచ్చం పెళ్లిలాగే, అన్నాడు. అత్త బకెట్టు కింద పెట్టి అతని వైపు తిరిగింది. "పెళ్లయితే ఇన్నేళ్లు ఎవరు దాచగలరయ్యా? మొదటి వారంలోనే నీకు వినపడేది," అంది. ఆ రోజు మేము నవ్వింది అప్పుడొక్కసారే.

ఇంటికొచ్చాక అమ్మ మూడాకుల గింజలు పంపే ఆవిడకు ఫోన్ చేసింది. నారింజకి, బత్తాయికి దాన్ని మించింది లేదనీ, ఈ రకం నిమ్మకు మాత్రం ఎవరూ కట్టరనీ ఆవిడ చెప్పింది. ముందే చెప్పొచ్చు కదా అని అమ్మ అడిగితే, నువ్వు నిమ్మకు కడుతున్నావని నాకేం కల వచ్చిందా అంది. ఆ నిమ్మమొక్కలు ఎవరెవరికి ఇచ్చిందో ఆమెకు నోటికే గుర్తు. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి చెప్పింది. కొందరు తిట్టారు. ఒకాయన అవి ఎప్పుడో మేకలు తినేశాయని ధైర్యం చెప్పాడు. సంచుల్లో మిగిలినవి మేమే పీకేశాం.

మర్నాడు మామయ్య నర్సరీకి వచ్చాడు. మంచినీళ్లిస్తే తాగలేదు. అమ్మ ఆయనకు ఒక దారి ఉందని చెప్పింది. చెట్టు చుట్టూ జంబీరి మొక్కలు నాటి, వాటి తలలు కోసి, అతుకుకు పైన నిమ్మ కాండంలోకి ఎక్కిస్తే, పాత వేరు పోయినా చెట్టు కొత్త వేర్ల మీద బతకొచ్చు. కొత్త కాళ్లు కట్టడమే. అన్నీ బతుకుతాయని చెప్పలేనంది.

"జంబీరికి పడుతుందని నీకెలా తెలుసు?" అన్నాడు మామయ్య.

"ఏళ్ల తరబడి దాని మీదే కట్టానుగా."

"మూడాకుల దాని మీదా కట్టావు."

అమ్మ ఆయన తాగని నీళ్ల గ్లాసును పక్కకు జరిపింది.

"నీ దగ్గర జంబీరి మీద ఉన్న చెట్టేదో కోసి చూపించు. నా చెట్టు కోశావుగా."

నెట్టు వెనకాల ఒకే ఒక్క పెద్ద నిమ్మచెట్టు ఉంది. కళ్లన్నీ మేము దాని నుంచే తీస్తాం. నేను పుట్టకముందు అమ్మ కట్టిన మొదటి అంట్లలో అది ఒకటి. దాని మీద బట్టలారేస్తేనే అమ్మ ఊరుకోదు. గాటులోంచి తెగులు దూరితే మా నర్సరీలో నిమ్మ పని అక్కడితో ఆగిపోతుంది. నేను ఏదో అనబోయాను. అమ్మ నన్ను చూసి, కత్తికి స్పిరిట్ తుడిచి ఇవ్వమంది.

అతుకు మట్టిలో సగం కూరుకుపోయి ఉంది. అమ్మ చేత్తో మట్టి తోడింది. ముసలి బెరడు మందంగా ఉంది, కత్తి రెండు మూడుసార్లు జారింది. చివరికి ముక్క ఊడి వచ్చింది. లోపల ఏ గీతా లేదు. పై కర్ర ఎక్కడ ఆగిందో, కింది కర్ర ఎక్కడ మొదలైందో పోల్చుకోవడానికి నేను కూడా వంగి వెతకాల్సి వచ్చింది. మామయ్య నడుం పట్టుకుని వంగి, వేలు పైనుంచి కిందికీ, కింది నుంచి పైకీ రాశాడు. వేలికి ఏమీ తగల్లేదు. అమ్మ ఆ ముక్కను మళ్లీ యథాస్థానంలో పెట్టి మైనం పూసి గుడ్డ చుట్టింది.

వెళ్తూ ఆయన చెప్పిన మాట ఇది. ఈ ఏడు, వచ్చే ఏడు కాపు తీసుకుంటాడు. తర్వాత ట్రాక్టరు పెట్టి పీకించేస్తాడు. డిపోలో అప్పుడు చేరతానని చెప్పేశాడు. కాకపోతే నీ మరదలు ఏడుస్తోంది, వంటింటి పక్క వరస ఒక్కటీ నీ ఇష్టం, అన్నాడు.

ఆ వరసను మేము ఇప్పటికీ అత్త వరసే అంటాం. ఒక్కో చెట్టు మొదట్లో మూడు వైపులా జంబీరి మొక్కలు, కాండానికి ఆనుకునేంత దగ్గరగా నాటాం. అవి నాటుకుని, బెరడు సులువుగా లేచే కాలం వచ్చాక మళ్లీ వెళ్లాం. అతుకుకు జానెడు పైన అమ్మ తలకిందులు చేసిన ఇంగ్లిషు టీ అక్షరం ఆకారంలో గాటు పెట్టేది. నేను జంబీరి తలను వాలుగా కోసి ఇచ్చేదాన్ని. అది బెరడు కిందికి పైవైపుగా దూరాలి. అత్త సన్నటి మేకు కొట్టేది. కుట్టుమిషను దగ్గర పని చేసిన చెయ్యి కాబట్టి మేకు ఎప్పుడూ వంకర పోలేదు. తర్వాత మైనం. వేర్లు మోయలేవని కొమ్మలు కూడా సగానికి సగం కొట్టేశాం. మామయ్య సాయంత్రం వచ్చి చూసి, వరసంతటికీ గుండు కొట్టించారే అన్నాడు. పని ఎలా చేస్తామని ఒక్కమాటా అడగలేదు. మొక్కలకు నీళ్లు పోసింది కూడా అత్తా, నేనూ.

ఆ ఏడు మిగతా వరసలు బాగానే కాశాయి. కాయ చిన్నది, కానీ చెట్టుకు పట్టనంత. గుండు వరసలో కాపు లేదు. మామయ్య బుట్టలు ఎక్కించేటప్పుడు ఆ వరస వైపు చూసి, వీళ్లు టికెట్ లేని ప్యాసింజర్లు, అన్నాడు. అత్త వినిపించుకోనట్టు పోయింది. మరుసటి ఏటికి పాలిపోయిన ఆకులు రాలడం మొదలైంది. అత్త వరసలో జంబీరి కాళ్లు బొటనవేలంత అయ్యాయి. ఆకు పచ్చబడింది. కానీ పచ్చటి ఆకును మామయ్య నమ్మడం మానేశాడు. బావి దగ్గరి చెట్టు కూడా పచ్చగానే ఉండేది కదా, అనేవాడు. పాత ఖాకీ చొక్కాలు పెట్టెలోంచి తీసి అత్త చేత బొత్తాలు కుట్టించుకున్నాడు.

వానలు మొదలయ్యే ముందు ఒక మధ్యాహ్నం గాలి వచ్చింది. పెద్ద తుఫానేమీ కాదు. మా నర్సరీలో నెట్టు ఒక పక్క చిరిగింది, అంతే. అత్త ఫోన్ చేసి రమ్మంది. మేము వెళ్లేసరికి తోటలో సగం చెట్లు నేల మీద ఉన్నాయి. వేర్లు లేవలేదు, కొమ్మలు విరగలేదు. అన్నీ అతుకు దగ్గరే ఊడిపోయాయి. విరిగిన చోటు పీచు లేకుండా, రంపంతో కోసి చిత్రిక పట్టినట్టు నున్నగా ఉంది. బావి దగ్గరి చెట్టు కాయలతో సహా పడి ఉంది. మామయ్య ఆ మొద్దు మీద అరచెయ్యి పెట్టి చూస్తున్నాడు. కర్ర మంచం కాలు కూడా ఇంత శుభ్రంగా విరగదు, అన్నాడు.

అత్త ఆయన్ని పేరు పెట్టి పిలవదు. వంటింటి దగ్గర నుంచి, "ఇదిగో, ఇటు రండి ఒకసారి," అంది.

అత్త వరసలో చివరి చెట్టు కూడా అతుకు దగ్గర విరిగింది. పాత వేరు మొద్దుకూ, పైకాండానికీ మధ్య వేలు దూరేంత సందు ఉంది. కానీ చెట్టు పడలేదు. ఒక పక్కకు వాలి, ఆ మూడు జంబీరి కాళ్ల మీద ఆగింది. మామయ్య ఆ సందులోకి ఒక కొబ్బరిపుల్ల దూర్చి అటు నుంచి తీశాడు. వెళ్లి రెండు వెదుళ్లు తెచ్చి ఊతం పెట్టాడు.

అమ్మ ఆయన్ని తొందరపెట్టలేదు. రేపు సాయంత్రానికి ఆకులు వడిలితే మాత్రం నా మాట వినకు, అని చెప్పి వచ్చేసింది. పడిన చెట్లు మర్నాటికే వడిలి, ఆకులు చుట్టలు చుట్టుకున్నాయట. ఈ చెట్టు వడల్లేదు. మరో రెండు రోజులు చూసి, పైగా చిగురు కూడా వేస్తోందని అత్త చెప్పింది. ఆ తర్వాత ఫోను మామయ్య తీసుకున్నాడు. నిలబడి ఉన్నవి ఇంకా సగం ఉన్నాయి, నీ దగ్గర జంబీరి మొక్కలు ఎన్నున్నాయని అడిగాడు. ఆ మొక్కలు మేము ఆ ఏటి అంట్ల కోసం పెంచుకున్నవి. అవి ఇస్తే వచ్చే కాలానికి అమ్మడానికి మా దగ్గర నిమ్మ అంటు ఒక్కటీ ఉండదు. కావలసినన్ని ఉన్నాయని అమ్మ చెప్పింది.

నాటడం అయి, కట్టే రోజులొచ్చాక ఈసారి మేకులు కొట్టే పని మామయ్య తీసుకున్నాడు. నా చెట్లకు నేనే కొట్టుకుంటానన్నాడు. నడుం వంగదు కాబట్టి చెట్టు పక్కన స్టూలు వేసుకుని కూర్చునేవాడు. మొదటి మేకులు ఇటూ అటూ పోయాయి. అత్త వెనక నిలబడి, ఇదేమన్నా గేరా అలా గుద్దుతున్నారు, అంది. ఆయన తల ఎత్తకుండా, వెనక సీట్లో వాళ్లు మాట్లాడకూడదు అన్నాడు.

రెండో వరస మధ్యలో ఉండగా ఆయన జేబులో ఫోన్ మోగింది. చేతులకు మైనం. నన్ను తీసి చెవి దగ్గర పెట్టమన్నాడు. డిపో సూపర్‌వైజరు. ఎప్పుడు చేరుతున్నావని అడుగుతున్నది నాకూ వినిపిస్తోంది. మామయ్య కొట్టబోయిన మేకును పెదాల మధ్య నుంచి తీసి పట్టుకున్నాడు.

"పొద్దున ఒక్క ట్రిప్పు వేయండి సార్. అంతకు మించి నావల్ల కాదు."

అవతల ఆయన ఏదో అన్నాడు.

"నడుం సంగతి కాదండీ. ఆ తర్వాత నాకు తోటలో పనుంది. కుదిరితే చెప్పండి, లేకపోతే లేదు."

కనుక్కుని చెబుతానన్నాడు సూపర్‌వైజరు. నేను ఫోన్ ఆపి ఆయన జేబులోనే పెట్టాను. అమ్మ వినీ విననట్టు కత్తి తుడుచుకుంటోంది.

"ఇవి ఎన్నాళ్లు నిలుస్తాయక్కా?" అన్నాడు మామయ్య.

"తెలీదురా. కన్ను పట్టగానే అయిపోయిందని ఒకసారి చెప్పాను. మళ్లీ అలా చెప్పను."

మామయ్య స్టూలు తర్వాతి చెట్టు దగ్గరికి జరుపుకుని, జంబీరి మొక్క తలను రెండు వేళ్లతో కాండానికి ఆనించి పట్టుకున్నాడు.

"సరే, గాటు పెట్టు," అన్నాడు.